జీరో టికెట్టు వంతెన దాకానే

నేను బస్సు కండక్టర్ని. రోజుకు ఐదారు వందల మందిని "యాడికి?" అని అడగడం నా పని. ఎక్కినవాళ్లు నోరు తెరిచి ఊరి పేరు చెప్పేదాకా మిషను మీద వేలు పెట్టకూడదన్నది మాకు నేర్పే మొదటి పాఠం. మొహం చూసి వాళ్లెక్కడికి పోతారో మనమే అనుకొని టికెట్టు కొడితే గొడవ తప్పదు. పద్నాలుగేళ్లలో నేనట్లా ఒక్కసారి కూడా కొట్టలేదని డిపోలో పేరుంది.

ఈ మధ్య మూడు రోజులు సెలవు పెట్టి, మా అమ్మాయి నవ్యతో కలిసి గుంటూరు అవతల ఉన్న ఒక విశ్వవిద్యాలయం చూసొచ్చాను. దాని గురించి రాస్తానంటే మా ఆయన నవ్వాడు. "కాలేజీ చూడవోవుడు గూడ తీర్థయాత్రనా?" అన్నాడు. నవ్వనీ. ఇంటర్ పాసైన పిల్లను పక్కన పెట్టుకొని, ఇక్కడా అక్కడా అని కొట్టుకుంటున్న తల్లిదండ్రులు మా రోడ్డు మీదే ఎంతోమంది ఉన్నారు. ముఖ్యంగా నాలాంటి మొండి తల్లులున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం

ముందు నా తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే ఈ ప్రయాణం ఎందుకో అర్థం కాదు.

నవ్య మాకు ఒక్కతే బిడ్డ. ఎంసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ కావాలో వరుసగా కంప్యూటర్లో పెట్టుకోవాలి కదా, ఆఖరి విడతలో ఆ వరుస పెట్టే రోజు దానికి టైఫాయిడ్ జ్వరం. లేవలేకపోయింది. ఇరవై రెండు కాలేజీల పేర్లు తెల్లకాగితం మీద రాసి నా చేతికిచ్చి, "గిట్లనే పెట్టియ్యి అమ్మా" అని నన్ను నెట్ సెంటరుకు పంపింది.

అక్కడ కూర్చొని కాగితం చూశాను. మొదటి నాలుగు కాలేజీలూ సిటీకి ఆ కొసన ఉన్నాయి. మూడు బస్సులు మారాలి. పొద్దున ఆరుకు పోతే మళ్లీ ఇల్లు చేరేది చీకటి పడ్డాకే. కండక్టరు బుర్ర కదా, నాకు కాలేజీలు కనబడలేదు, స్టేజీలు కనబడ్డాయి. మా ఊరి నుంచి సాగర్ రోడ్డు మీద సిటీ వైపు పోతుంటే ఏ స్టేజీలో ఏ కాలేజీ వస్తుందో ఆ వరుసలో ఎక్కించమన్నాను. నవ్య పదిహేనోదిగా రాసుకున్నది మొదటిదైంది. సెంటరు ఆయన ఒకసారి నా మొహంలోకి చూసి, "పక్కానా అక్కా?" అని అడిగాడు. పక్కా అన్నాను.

వరుసలో పైనున్నది దొరికితే కంప్యూటరు ఇక కిందివాటి జోలికి పోదట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. సీటు ఆ పదిహేనోదాంట్లోనే వచ్చింది. ఇక మార్చుకునే వీల్లేదు. నవ్య ఫోను చూసి, మంచం మీద అటు తిరిగి పడుకొని, "నాకు గంత తెలివి లేదు తియ్యి" అంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. జ్వరం తగ్గాక చెప్దామనుకున్నాను, తగ్గాక మళ్లీ రేపనుకున్నాను. అట్లా మూడు వారాలు గడిచాయి.

ఎందుకు మార్చానంటే, దూరం, చీకటి, ఆడపిల్ల అని వంద చెప్పగలను. అసలు సంగతి వేరే. రోజూ నా బస్సులో ఎక్కి, నా కళ్లముందు దిగుతుందని.

గుంటూరు అవతలి విశ్వవిద్యాలయానికి నవ్య విడిగా పరీక్ష రాసి ఉంది. సీటిస్తాం, వచ్చి చూసుకొని చేరండని వాళ్లు ఫోన్ చేశారు. మా ఊరి కాలేజీలో చేరడానికి శనివారం ఆఖరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడిస్తే అక్కడే ఉండిపోతాయి. బుధవారం పొద్దున ఆ ఫైలు నా చేతిసంచిలో పెట్టుకొని, ఏదో ఒక స్టేజీ దగ్గర నిజం చెప్పాలని మనసులో అనుకొని, డిపో ముందు మాచర్ల బస్సెక్కాను.

ఆ బస్సు కండక్టరు సత్తయ్య మా డిపోవాడే. "ఏం భాగ్యక్కా, సెలవు వెట్టి గూడ సాగర్ రోడ్డే వోతున్నవా? డ్యూటీల వోతే జీతమన్న వస్తుండె గదా!" అన్నాడు. నాకు స్టాఫ్ పాసుంది. మా రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, నవ్యకు సాగర్ దాకా జీరో టికెట్టు కొట్టాడు.

మాల్ దాటాక

కిటికీ పక్కన కూర్చొని ఈ రోడ్డు చూడటం నాకిదే మొదలు. నిలబడి చూసేదానికి తలలే కనబడతాయి. యాచారం దాకా రెండు వైపులా ప్లాట్ల వెంచర్లు, రంగు జెండాలు, గేట్లు. గేటు లోపల మాత్రం గడ్డి. మాల్ అనే ఊరు దాటాక గాని పత్తి చేలు మొదలవ్వలేదు. నవ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుంది. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం కట్టుకొచ్చాను. సగం రొట్టె తిని, చాలంది. జ్వరం తర్వాత దాని మణికట్టు సన్నబడింది. మల్లేపల్లిలో చెప్దామనుకున్నాను. బస్సు నిండా జనం ఎక్కారు. మంచిదైందిలే అనుకున్నానంటే నా ధైర్యం ఎంతో తెలుసుకోండి.

వంతెన

నాకు సిటీ వైపు ట్రిప్పులే ఎక్కువ, సాగర్ డ్యూటీ పడ్డా సాగర్ దగ్గరే ఆగుతుంది. అక్కడ టీ తాగి, బస్సు తిప్పుకొని రావడమే. కనబడే వంతెనను పద్నాలుగేళ్లలో దాటింది లేదు. సత్తయ్య మా దగ్గరికొచ్చి, "ఇగో నవ్యా, ఈడి నుంచి టికెట్టు దీస్కోవాలె. జీరో టికెట్టు వంతెన దాకానే" అన్నాడు. వంతెన అవతల ఆంధ్ర, అటు పోయేవాళ్లకు నేనూ చెప్పే మాటే. నాకు చెప్తే వేరేగా వినబడింది. ఫీజుకు మా సర్కారు ఇచ్చే సాయం కూడా ఇక్కడిదాకానే. అవతల చేరితే నవ్య ర్యాంకుకు ఆ విశ్వవిద్యాలయం సగం తగ్గిస్తానంది, మిగతా సగం మాదే.

కృష్ణ నిండుగా లేదు. బండల మధ్య పాయలుగా పారుతోంది. నవ్య ఇయర్‌ఫోన్లు తీసేసి, వంతెన అయిపోయేదాకా తల బయటికి పెట్టి చూసింది.

మాచర్ల

బస్టాండు ఎదురుగా రేకుల హోటల్లో ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై ఐదు. మా దగ్గర పల్లీ చట్నీలో ఇడ్లీ మునగాలి. వీళ్లు ఎర్ర కారప్పొడి పరిచి, దాని మీద నెయ్యి పోసి, ఇడ్లీని అందులో పొర్లించి ఇస్తారు. మొదటి ముక్కకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కా, జర నీళ్లియ్యవే!" అన్నాను. హోటలావిడ చేతిలో గరిటె ఆపి, "ఏంటండీ, కోప్పడుతున్నారు?" అంది. కోపమెక్కడిది? మేం అక్కా అన్నామంటేనే ప్రేమ. వీళ్లకు మాట చివర అండీ లేకపోతే కసిరినట్టుంటుంది. నవ్య నా తరఫున, "మా అమ్మ మాటే అంతండీ" అని చెప్పింది. ఎప్పుడు నేర్చిందో ఆ అండీ, ఒక్క పూట కూడా కాలేదు!

గుంటూరు బస్సులో ఇంకో ముచ్చట. అక్కడా ఆడవాళ్లకు జీరో టికెట్టే. అలవాటుగా ఆధార్ కార్డు చూపించాను. కండక్టరు చూసి, "మీది తెలంగాణదండీ, ఇక్కడ చెల్లదు. రెండు టికెట్లు తీసుకోవాలి" అన్నాడు. ఇదే మాట అవతలివాళ్లకు నేను ఎన్నిసార్లు చెప్పానో, ఎంత గట్టిగా చెప్పానో గుర్తొచ్చి మారు మాట్లాడకుండా డబ్బులిచ్చాను.

రెంటచింతల దగ్గర పోయిన పరువు

రెంటచింతల స్టాపులో బస్సు ఆగింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు, తలుపు దగ్గర ఎవరూ లేరు. బస్సు కదలదేం? నా చెయ్యి ఊరుకోలేదు. పక్కనున్న రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్, రైట్!" అని అరిచాను. డ్రైవరు పోనిచ్చాడు. రెండు ఫర్లాంగులు పోయాక వెనక సీటాయన, "ఓ డ్రైవరుగారూ, కండక్టరు కిందే ఉన్నాడండీ!" అని కేకేశాడు. పాపం, ఆయన నీళ్ల సీసా కొనుక్కోవడానికి దిగాడట. సంచి ఊగుతుంటే రోడ్డు మీద పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కి, "ఎవరండీ రైట్ చెప్పింది?" అన్నాడు. బస్సంతా నన్ను చూసింది. తల కొంగులో పెట్టుకున్నాను. నవ్య పొట్ట పట్టుకొని నవ్వింది. మూడు వారాల తర్వాత అది నవ్వడం చూశాను, పోతే పోయింది పరువు.

ఆ నవ్వులోనే పక్క సీటాయన మాట కలిపాడు. వెంకటేశ్వర్లు, పిడుగురాళ్ల దగ్గర మిరప రైతు.

"మీదే ఊరమ్మా?"

"ఇబ్రహీంపట్నం. సాగర్ రోడ్డు మీద."

"అబ్బ, దేవుడు పంపించినట్టొచ్చారమ్మా! మావాడికి మీ ఊరి దగ్గరే ఇంజనీరింగు సీటు మాట్లాడాం. హైదరాబాదు పక్కనైతే ఉద్యోగాలు బాగా వస్తయ్యంటన్నారు గదా." కాలేజీ పేరు చెప్పాడు. నవ్యకు సీటొచ్చిన కాలేజీయే. "ఎట్టాంటిదమ్మా అది?"

"ఉన్నది చెప్పాల్నా అన్నా, మంచిగ చెప్పాల్నా?"

"ఉన్నదే చెప్పమ్మా."

ఆయన పరాయివాడు. పరాయివాడికి నిజం చెప్పడం ఎంత సులువు! "తొమ్మిదింటికి నా బస్సుల పిల్లలు గాడ దిగుతరు. పదకొండున్నర ట్రిప్పుల సగం మంది మళ్ల ఎక్కుతరు. ఏం బిడ్డా అంటే సారు రాలే అంటరు. రోజూ గిదే కథ. ల్యాబుకు తాళమే ఉంటదని వాళ్లే చెప్పుకొని నవ్వుకుంటరు. నన్నడిగితే పంపకు అన్నా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "బతికించావు తల్లీ. మీకూ పిల్లలున్నారా? ఎక్కడ చదివిత్తన్నారు?" అన్నాడు.

చేతిసంచి ఒళ్లోకి లాక్కున్నాను. కిటికీ వైపు నవ్య ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి నన్నే చూస్తోంది.

గుంటూరు

సాయంత్రానికి గుంటూరు చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. బజ్జీల బండి దగ్గర మిరపకాయ బజ్జీ చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి ఇస్తున్నారు. నాలుగు నలభై రూపాయలు. అది తింటూ నవ్య అడిగింది.

"అమ్మా, మన కాలేజీ గంత పాడుగుంటదా?"

"అన్ని కాలేజీలు అంతే బిడ్డా."

"గాయనకట్ల చెప్పినవ్ గదా."

"ఆయనకు దూరమని చెప్పిన."

అబద్ధం మీద అబద్ధం. కారమని నీళ్లు తాగాను.

కొండ కింది భవనాలు

గురువారం పొద్దున్నే పోయాం. పెద్ద గేటు, తెల్ల భవనాలు, వెనక కొండ. చెట్లింకా మనిషెత్తు కూడా లేవు. అన్నీ బాగున్నాయని చెప్పను. తరగతికి డెబ్బై మంది. చూడవచ్చినవాళ్లకు పెట్టే భోజనంలో పప్పు పలచన, ఆవకాయ మాత్రం అమోఘం. కానీ పదకొండున్నరకు నేను వరండాలో నిలబడి లెక్కపెట్టాను. గేటు వైపు ఒక్క పిల్ల కూడా రాలేదు. ల్యాబు తలుపు తీసే ఉంది.

హాస్టలు గేటు దగ్గర కాపలా ఉండే పెద్దావిడ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఆడపిల్లలు సాయంత్రం ఆరున్నరకల్లా లోపలికి రావాలండి. రాకపోతే నేనూరుకోను" అంది. "మొదటి నెల పిల్లలు ఏడుస్తారు. రెండో నెల నుంచి వాళ్లకు తీరికుండదు, తల్లులే ఫోన్ చేసి ఏడుస్తారు" అని నవ్వింది. నేను నవ్వలేదు.

మధ్యాహ్నం అడ్మిషన్ల గదిలో కూర్చున్నాం. బల్ల అవతల ఉన్న మేడం ఫైలు తిప్పుతూ ర్యాంకు కార్డు దగ్గర ఆగింది. "ఈ ర్యాంకుకి మీ రాష్ట్రంలో ఇంకా మంచి కాలేజీ వచ్చుండాలే. ఆప్షన్లు ఎలా పెట్టుకున్నావమ్మా?" అని అడిగింది.

"మంచిగనే పెట్టినం మేడం. రాలే. నా ర్యాంకు సరిపోలే" అంది నవ్య. అప్పు తీర్చలేనివాళ్లు తలదించుకున్నట్టు దించుకొని చెప్పింది. ఆ తల అట్లా దించింది నేను.

"నువ్ రాసిచ్చినట్టు పెట్టలే బిడ్డా" అన్నాను. "నేనే మార్చిన. మన రోడ్డు మీదియి పైకి పెట్టిపిచ్చిన."

మేడం కాగితాలు సర్దుకుంటూ లేచి పక్క గదిలోకి పోయింది. పుణ్యాత్మురాలు.

"ఎందుకు?" అంది నవ్య.

"రోజూ నా బస్సుల ఎక్కుతవని."

తిడుతుందనుకున్నాను. అది నా వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది. "అయితే నా ర్యాంకు మంచిదేనా అమ్మా? నేను రాసుకున్న కాలేజీ నాకు వచ్చేదేనా?"

"వచ్చేదే బిడ్డా."

కోపం ఆ తర్వాత వచ్చింది. "మూడు వారాలమ్మా! మూడు వారాల సంది నేను దేనికీ పనికిరానని ఏడుస్తున్న. నువ్ పక్కన్నే కూసొని అన్నం కలిపి పెట్టినవ్. నీకెట్ల మనసొప్పింది?"

నా సంచిలో పెట్టుకుందామని బల్ల మీది ఫైలు అందుకోబోతే అది లాక్కుంది. "నా దగ్గర ఉండనీ" అని లేచి, ఒక్కతే బయటికి పోయింది. దూరం నుంచి చూశాను. వరండాలో కనబడ్డ ప్రతి పిల్లనూ ఆపి అడుగుతోంది. ఏమడిగిందో నాకు తెలీదు. ఆ సాయంత్రం లాడ్జిలో గోడ వైపు తిరిగి పడుకుంది. నేను పిలవలేదు.

శుక్రవారం పొద్దున మళ్లీ అక్కడికే పోయాం. "నువ్ ఈడ కూసో" అని నన్ను బెంచీ మీద ఉంచి లోపలికి పోయింది. అరగంటకు ఒక కాగితం పట్టుకొని వచ్చింది. "తల్లి సంతకం గావాలంట."

అందులో ఏముందో చదవలేదు. చూపించిన చోట పెట్టాను. మళ్లీ బయటికొచ్చినప్పుడు దాని చేతిలో ఫైలు పలచగా ఉంది.

తిరుగు దారి

మాచర్లలో మళ్లీ సత్తయ్య బస్సే దొరికింది. నవ్య నా పక్కన కూర్చోలేదు. రెండు సీట్ల ముందు కూర్చుంది. వంతెన మీద దాని సన్నటి జడనే చూస్తూ కూర్చున్నాను. సత్తయ్య నా దగ్గరికొచ్చి, "ఏమాయె అక్కా, ఈడనా ఆడనా?" అన్నాడు. "ఆమెనే అడుగు" అన్నాను. వాడు ముందుకు పోయి, "యాడికి బిడ్డా?" అన్నాడు.

ఒకటి చెప్పాలి. పిల్ల నాతో బస్సెక్కినప్పుడల్లా టికెట్టు మాట నేనే చెప్తాను, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు కూడా నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాను.

"నాదొకటి, ఇబ్రహీంపట్నం" అంది నవ్య.

నాదొకటి. నాకు పాసుంది కదా, సరిగ్గానే చెప్పింది. అయినా ఆ మాట మా ఊరు వచ్చేదాకా నన్ను వదల్లేదు. మా ఆయనకు నేనే అన్నీ చెప్పాను. ఆయన లేచి చేను వైపు పోయాడు, తిట్టినా బాగుండేది.

సోమవారం

ఆ వచ్చే సోమవారం నాకు సాగర్ డ్యూటీ పడింది. అడిగి వేయించుకోలేదు, నమ్మితే నమ్మండి. డిపో ముందు జనంలో మా ఆయన పెట్టె మోసుకొచ్చి బస్సులో పెట్టాడు. వెనకాల నవ్య ఎక్కింది. హాస్టలు దాకా ఎవరూ రావద్దు, ఒక్కదాన్నే పోతానని ముందే చెప్పింది. డ్రైవరు వెనక మూడో సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. మా ఆయన కిందికి దిగి కిటికీ ఊచ పట్టుకున్నాడు, నేను రైట్ కొట్టేదాకా వదల్లేదు.

ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వచ్చాను. యాచారం రెండు, మాల్ ఒకటి, మల్లేపల్లి నాలుగు జీరో. మూడో సీటు దగ్గర ఆగాను. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. దాని పెట్టెలో ఎన్ని జతల బట్టలున్నాయో తెలుసు, రొట్టెలు ఏ డబ్బాలో ఉన్నాయో తెలుసు. మిషను మీద వేలు పెట్టలేదు.

"యాడికి బిడ్డా?" అని అడిగాను.

అది తలెత్తి నన్ను చూసింది. నాలుగు రోజుల నుంచి నా మొహం సూటిగా చూడని పిల్ల చాలాసేపు చూసింది. కళ్లు నిండాయి గాని ఏడవలేదు.

"నీ బస్సు యాడిదాంక పోతదో ఆడిదాంక కొట్టు అమ్మా" అంది. "వంతెన అవతల నేను తీస్కుంట."